అనామతు ఖాతా

అధ్యక్షులవారికి, కాలనీ సంక్షేమ సంఘం కార్యవర్గ సభ్యులకు, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసల్లో ఫోనుల్లో తలదూర్చిన పిల్లలకు, ఇందాకటి నుంచి ఈ మైకుతో కుస్తీ పడుతున్న అబ్బాయికి నమస్కారం. శాలువా ముందే కప్పేశారు. ప్రసంగం విన్నాక కప్పాలా వద్దా అన్న సందేహం వస్తుందని ముందు జాగ్రత్త పడినట్టున్నారు. సంతోషం.

కార్యదర్శిగారు నా చేతికి ఒక చీటీ ఇచ్చారు. పైన "ఉద్యోగం చేస్తూనే అదనపు సంపాదనకు పది మార్గాలు" అని రాసి, కింద ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసి ఖాళీలు వదిలారు. నేను లెక్కలు రాసి బతికినవాణ్ని. ఖాళీ గడి కనబడితే చెయ్యి ఊరుకోదు. రాత్రి కూర్చుని నాలుగు దాకా నింపాను. ఐదో అంకె దగ్గర వేరే సంగతి జ్ఞాపకం వచ్చి ఆగిపోయాను. దాన్ని చివర చెబుతాను. అంతదాకా ఆగలేకపోతే మధ్యలోనే చెప్పేస్తాను.

1984లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక విడిభాగాల కంపెనీలో లెక్కల గుమాస్తాగా చేరాను. దాని పేరు మనకెందుకు. పేరు పొడవు, జీతం పొట్టి. అదీ ఒకటో తారీఖున వచ్చేది కాదు. "సగం ఇప్పుడు తీసుకో, మిగతా సగం శనివారం" అనేవారు. ఆ శనివారం ఏ నెలలో వస్తుందో చెప్పేవారు కాదు. ఐదేళ్లు అలా గడిచాయి. పెళ్లయింది, అమ్మాయి పుట్టింది, సత్యనారాయణపురంలో రెండు గదుల వాటాలో కాపురం.

అప్పుడు కేంద్ర ప్రభుత్వం నాకొక మేలు చేసింది. నన్ను దృష్టిలో పెట్టుకుని చేసిందని కాదు. అంతకుముందు వ్యాపారులు ఎవరికి వీలైన లెక్కల సంవత్సరం వాళ్లు పెట్టుకునేవారు. కొందరిది దీపావళి నుంచి దీపావళికి. ఆదాయపు పన్ను చట్టం మార్చి, ఇకమీదట అందరూ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకానే లెక్క చూపాలన్నారు. 1989 మార్చి 31కి పద్దులన్నీ ముగించాలి. వన్‌టౌన్‌లో ఉన్నట్టుండి గుమాస్తాలకు గిరాకీ పెరిగింది. ఒక బట్టల కొట్టు, ఇస్లాంపేటలో ఒక ఇనప సామాను కొట్టు, గవర్నరుపేటలో ఒక మందుల దుకాణం నాకు దొరికాయి. మూడింటికీ కలిపి నెలకు 400 రూపాయలు.

ఈ పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. అప్పట్లో ఎర్ర అట్ట పుస్తకాలు ఉండేవి. చిట్టాలో రోజువారీ పద్దులు రాయాలి. అక్కడి నుంచి ఆవర్జాలో ఎవరి ఖాతాలో వాళ్లకు ఎక్కించాలి. చివర అంకణా తీయాలి. అటూ ఇటూ మొత్తాలు సమానంగా వచ్చాయా, ఆ రాత్రి నిద్ర పడుతుంది. రాలేదా, పట్టదు. ఒక కిటుకు చెబుతాను, ఊరికే: తేడా తొమ్మిదితో భాగించబడితే ఎక్కడో అంకెలు తారుమారు చేసి ఉంటారు. 6,900 అనాల్సిన చోట 9,600 వేస్తే తేడా 2,700. తొమ్మిది మూడువందలు. ఎంతసేపు వెతికినా తేడా దొరక్కపోతే, దాన్ని తాత్కాలికంగా అనామతు ఖాతాలో పడేస్తారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఆ 6,900 ఊరికే చెప్పలేదు. నేను చేసిన తప్పే అది. ఆటోనగర్‌లో, పగటి ఉద్యోగంలో. ముందు రాత్రి మందుల దుకాణం స్టాకు లెక్కతో పదకొండు దాటింది. పొద్దున కంపెనీలో ఒక పార్టీ ఖాతాలో అంకెలు తిరగేశాను. యజమాని పిలిచారు. సాయంత్రాలు నేనెక్కడికి వెళ్తున్నానో ఆయనకు అప్పటికే తెలుసు. "ఇక్కడ అలిసిపోయి అక్కడికి వెళ్తున్నావా, అక్కడ అలిసిపోయి ఇక్కడికి వస్తున్నావా?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. సగం జీతం గురించి నేను అడగవచ్చు. అడగలేదు. ముప్పై ఏళ్ల తర్వాత, మైకు చేతికొచ్చాక ఇప్పుడు అడుగుతున్నాను: అయ్యా, మిగతా సగం ఏ శనివారం ఇస్తారు?

ఆయన ప్రశ్న మాత్రం తప్పు కాదు. దాన్నే ఈ రోజుల్లో పెద్ద కంపెనీలు ఇంగ్లీషులో మూన్‌లైటింగ్ అంటున్నాయి. వెన్నెల్లో పని అన్నమాట. పేరు వింటే పాట పాడుకోవాలనిపిస్తుంది. 2022 సెప్టెంబరులో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ, పోటీ కంపెనీలకు కూడా పనిచేస్తున్నారని 300 మందిని తీసేసినట్టు చెప్పారు. దానికి ముందు నెలలోనే స్విగ్గీ వాళ్లు, తమ ఉద్యోగులు కొన్ని షరతులకు లోబడి బయటి పని చేసుకోవచ్చన్నారు. కాబట్టి పిల్లలూ, చేరినప్పుడు చదవకుండా సంతకం పెట్టారే ఆ నియామక పత్రం, దాన్ని ఇంటికి వెళ్లి వెతకండి. బయటి పని గురించిన వాక్యం అందులో ఉంటే, అది ఏమంటోందో చూడండి. రెండు చోట్లా భవిష్య నిధి కడితే, మీ భవిష్య నిధి నంబరు, ఆ పన్నెండంకెల యూఏఎన్ కిందే ఇద్దరు యజమానుల పేర్లూ కనబడతాయి. దాచడం కుదరదు.

ప్రభుత్వ ఉద్యోగులు ఇక్కడ చాలామందే ఉన్నారు. మీకు 1964 నాటి ప్రవర్తన నియమాలున్నాయి. ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం, మరో ఉద్యోగం కూడదు. "నా పేరున లేదండీ, మా ఆవిడ పేరున పెట్టాను" అంటారా? ఆ సంగతికీ వస్తాను. మాస్టర్లకైతే 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షనే ఉంది: ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదు. మూడో వరుసలో ఎవరో దగ్గారు. నేనెవరినీ ఉద్దేశించి అనలేదు మాస్టారూ, మంచినీళ్లు తాగండి.

ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ల సంగతి ఇంకా పాతది. ఒకచోట పని చేసిన రోజునే మరో ఫ్యాక్టరీలో పని చేయించకూడదని 1948 చట్టంలోనే రాశారు. అది ఎవరి మంచికి రాశారనుకుంటున్నారు? రెండో షిఫ్టులో వేళ్లు పోయేది యజమానివి కాదు.

ఇక పన్ను. బయటి సంపాదన కూడా ఆదాయమే, చూపించాలి. ఇచ్చేవాడు పది శాతం ముందే కోసి ప్రభుత్వానికి కడితే, అది మీ పాన్ మీద నమోదవుతుంది. మీరు మరచిపోయినా కంప్యూటర్ మరచిపోదు. ఇంతకు మించి చెబితే మీకు నిద్ర వస్తుంది, నాకు ఉత్సాహం వస్తుంది. వదిలేద్దాం.

వదలకూడనిది ఒకటుంది. ఫోనుకు సందేశం వస్తుంది: "ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు, వీడియోలకు లైకు కొట్టడమే పని." మన కాలనీలోనే ఒకబ్బాయికి వచ్చింది. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నాడు. మొదటిరోజు నిజంగానే 150 రూపాయలు ఖాతాలో పడ్డాయి. రెండో రోజు మళ్లీ పడ్డాయి. మూడో రోజు "పెద్ద టాస్కుకు ముందుగా కొంత కట్టాలి" అన్నారు. కట్టాడు. తెర మీద లాభం పెరుగుతూ కనబడింది. తీసుకోబోతే పన్ను కట్టు అన్నారు. అదీ కట్టాడు. నాయనా, పని ఇచ్చేవాడు నీకు డబ్బివ్వాలి గాని నువ్వు వాడికి ఇవ్వడం ఏమిటి? చిట్టా రాసే పద్ధతి అందరికీ తెలియకపోవచ్చు, జమ ఏదో ఖర్చు ఏదో తెలియాలి కదా. ఇలాంటి పార్ట్ టైమ్ మోసాలు నడిపే వందకు పైగా వెబ్‌సైట్లను 2023 డిసెంబరులో కేంద్రం మూసేసింది. కొత్తవి పుట్టుకొస్తూనే ఉన్నాయి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి నాలుగు రోజులు ఆగితే డబ్బు నాలుగు ఖాతాలు దాటుతుంది. ఈ అబ్బాయి ఆరు రోజులు ఆగాడు.

చీటీలో నేను నింపిన నాలుగు గడులు ఇవి: ఒకటి, లెక్కలు రాయడం. 2005లో వ్యాట్ వచ్చింది, 2017 జులై 1న జీఎస్‌టీ వచ్చింది. చాలాకాలం అమ్మకపు పన్ను ఎరగని బట్టల కొట్టుకు కూడా రిటర్నులు తప్పలేదు. ఎర్ర అట్ట పుస్తకం పోయి కంప్యూటర్లో ట్యాలీ వచ్చినా, నెలనెలా కూర్చుని దాన్ని సరిచూసే మనిషి ఇప్పటికీ కావాలి. రెండు, అనువాదం. మూడు, శని ఆదివారాల్లో బండి మీద డెలివరీ. నాలుగు, ఇంటి వంట అమ్మకం. దానికి ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, మరచిపోకండి.

మూడో దాని గురించి ఒక్క మాట. డెలివరీ చేసే పిల్లవాణ్ని అడిగితే "ఆదివారం ఎనిమిది వందలు వచ్చాయండీ" అంటాడు. పెట్రోలు తీశావా అంటే తీశానంటాడు. టైరు, బ్రేకు, సర్వీసు తీశావా అంటే నవ్వుతాడు. ఆర్డరు కోసం హోటలు ముందు నిలబడ్డ గంటలు లెక్కేశావా అంటే అసలు నవ్వడు. సొంత వాడకానికి బీమా చేసిన బండి అద్దె పనిలో ఉండగా ప్రమాదం జరిగితే క్లెయిము దగ్గర పేచీ పెడతారు, అదీ అడిగి తెలుసుకో నాయనా. రెండో పని జీతాన్ని గంటతో భాగించాలి. నెలతో భాగిస్తే అది ఎప్పుడూ అందంగానే కనబడుతుంది.

నేను భాగించలేదు. ముప్పై ఏళ్లు పరాయివాళ్ల పైసలు సరిచూసినవాణ్ని, నా గంటలు సరిచూసుకోలేదు. ఇదే ఐదో అంకె దగ్గర నన్ను ఆపిన సంగతి.

2015లో రిటైరయ్యాక ఈ కాలనీకి మారుతూ అటక మీది పెట్టెలు దించాం. ఒకదానిలో మా అమ్మాయి ఒకటో తరగతి నోటుబుక్కు దొరికింది. ముందు వైపు అ ఆలు. వెనక వైపు నుంచి మా ఆవిడ దస్తూరీ. "మేడ మీదావిడ 3. టీచరుగారు 2. పాలావిడ కోడలు 1, బాకీ." పేజీలకు పేజీలు. ఏమిటిదన్నాను. "చీరల ఫాల్స్" అంది, పెట్టె తుడుస్తూ.

చీరకు నాలుగు రూపాయలు. ఫాల్ గుడ్డ చీర ఇచ్చినవాళ్లదే, దారం ఈవిడది. నెలకు డెబ్బై చీరలు. 280 రూపాయలు. దారానికి, సూదులకు ముప్పై పోతే 250. చేత్తో కుడితే చీరకు నలభై నిమిషాలు. అంటే నెలకు నలభై ఏడు గంటలు. గంటకు ఐదు రూపాయల ముప్పై పైసలు.

నా వైపు చూద్దాం. రోజుకు మూడు గంటలు, నెలకు 26 రోజులు, 78 గంటలు. దానికి రోజూ సైకిలు మీద తిరిగిన నలభై నిమిషాలు కలిపితే 95. నాలుగు వందలను భాగించండి. నాలుగు రూపాయల ఇరవై పైసలు. వన్‌టౌన్‌లో ముగ్గురు షావుకార్ల లెక్కలు చూసే గుమాస్తాగారి కంటే, రెండు గదుల వాటాలో గడప దాటకుండా కూర్చున్న మనిషికి గంటకు రూపాయి పైచిలుకు ఎక్కువ!

రాత్రి నేను వచ్చేసరికి దీపం వెలుగుతూ ఉండేది. నా కోసం మేలుకుని కూర్చుందని పొంగిపోయేవాణ్ని. బంధువుల దగ్గర కూడా చెప్పుకున్నాను. ఆవిడ ఫాల్స్ కుట్టుకుంటోంది.

అసలు నాకు అనుమానం రావలసింది. నా జీతం, నా నాలుగు వందలు కలిపినా ఇంటి ఖర్చు కంటే ప్రతి నెలా రెండు వందలో, రెండు వందల యాభయ్యో తక్కువ. అయినా ఇల్లు నడిచింది, అమ్మాయి స్కూలు ఫీజు ఆగలేదు. కొట్లో ఐదు రూపాయల తేడా వస్తే ఇంటికి వచ్చేవాణ్ని కాదు. ఇంట్లో ఇంత తేడా వస్తుంటే ఎక్కడి నుంచి పూడుతోందని ఒక్కరోజు అడగలేదు. మొత్తం తీసుకెళ్లి అనామతు ఖాతాలో పడేశాను. నా సంపాదన "అదనపు ఆదాయం." ఆవిడది "ఏదో కాలక్షేపానికి కుడుతుంది." ఇలాగే అనేవాణ్ని, ఎవరైనా అడిగితే.

ఆడవాళ్లూ, ఒకసారి చేతులెత్తండి. కుట్టుపని, పిండి రుబ్బి అమ్మడం, పిల్లలకు చదువు చెప్పడం, పచ్చళ్లు, ఏదైనా. పైసా చేతికొచ్చే పని ఇంట్లో చేస్తున్నవాళ్లు. ఏడు... తొమ్మిది. ఎత్తండమ్మా, నేను పన్ను వేసేవాణ్ని కాదు. అయ్యా, మీ ఆవిడ చెయ్యి మీరు ఎత్తకండి, ఆవిడే ఎత్తుతుంది. పద్నాలుగు. కార్యదర్శిగారూ, మీ చీటీలో ఐదు నుంచి పది దాకా వీళ్లను పిలిచి అడగాల్సింది. వచ్చే ఏడాది శాలువా వాళ్లకు కప్పండి.

ఆ నోటుబుక్కులో ఇంకొక పేజీ ఉంది. పైన పేరు లేదు, "ఆయనకు" అని ఉంది. "ఆయనకు 40, సైకిలు టైరు." "ఆయనకు 60, జీతం రాలేదు." "ఆయనకు 25, కళ్లద్దాల కాలు విరిగింది." ఇచ్చిన పద్దులే గాని తిరిగి వచ్చినట్టు ఒక్క జమ లేదు. కూడితే 1,140 తేలింది. చివరి పద్దు 1995ది. మర్నాడే బ్యాంకుకు వెళ్లి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని, "వడ్డీ ఏదీ?" అంది.

ఎంత వేయమంటావన్నాను. నేను బ్యాంకు వడ్డీ అంటాను. ఆవిడ వన్‌టౌన్ వడ్డీ అంటుంది, నెలకు నూటికి రెండు రూపాయలు. ఇరవై ఏళ్లకు బారువడ్డీ వేసినా 5,472 అవుతుంది. పేచీ ఇంకా తెగలేదు. ఆవిడ ఆ రెండో వరుసలోనే కూర్చుని ఉంది. చక్రవడ్డీ అనే మాట నేను ఇంతవరకు ఇంట్లో ఎత్తలేదు, మీరు కూడా ఎవరూ ఎత్తకండి.