మూడు నెలలకు ఒక రోజు తక్కువ

శ్రోతలకు నమస్కారం.

బ్రిటన్‌లో పనిచేసే ఉద్యోగిని అన్యాయంగా తొలగించినా, చేసిన పనికి జీతం ఎగ్గొట్టినా, రంగు, మతం, గర్భం వంటి కారణాలతో వివక్ష చూపినా, ఆ తగాదా సాధారణంగా తేలేది ఎంప్లాయ్‌మెంట్ ట్రైబ్యునల్‌లో. 1964 నాటి పారిశ్రామిక శిక్షణ చట్టం కింద ఇవి ఇండస్ట్రియల్ ట్రైబ్యునల్స్ అనే పేరుతో పుట్టాయి. అప్పట్లో వీటి పని శిక్షణ కోసం యజమానులపై వేసిన సుంకం మీద అప్పీళ్లు వినడం. అన్యాయమైన తొలగింపు గురించి ఫిర్యాదు వినే అధికారం 1971 చట్టంతో వచ్చింది. ఇప్పటి పేరు 1998లో పెట్టారు. యజమానుల గోడు వినడానికి పెట్టిన పీఠం చివరికి ఉద్యోగుల గోడు వినేదిగా మారడం చిత్రమే.

ఈ ట్రైబ్యునల్‌లో న్యాయం మన వైపు ఉందా లేదా అన్న ప్రశ్న కంటే ముందు వచ్చే ప్రశ్న తేదీ. చాలాకాలంగా అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఎక్కువ రకాల ఫిర్యాదులకు గడువు మూడు నెలలకు ఒక రోజు తక్కువ. మార్చి 10న ఉద్యోగం పోయిందనుకుందాం. గడువు జూన్ 9తో ముగుస్తుంది. జూన్ 10న కదిలినవారు ఒక రోజు ఆలస్యమైనట్టే. 2025 చివర ఆమోదం పొందిన ఉద్యోగ హక్కుల చట్టంలో దీన్ని ఆరు నెలలకు పెంచే ఏర్పాటు ఉంది. అయినా మారుతున్న చట్టాన్ని నమ్ముకుని కూర్చోవడం కంటే, చేతిలో ఉన్నవి మూడు నెలలే అనుకుని కదలడం క్షేమమని నా అభిప్రాయం.

ఈ గడువులో చాలామందిని దెబ్బతీసే విషయం ఒకటుంది. తొలగించిన తరువాత సంస్థ లోపలే అప్పీలు చేసుకునే అవకాశం ఇస్తారు. ఉద్యోగి అప్పీలు పెడతాడు. "మీ అప్పీలు పరిశీలనలో ఉంది" అని మర్యాదగా ఒక ఉత్తరం వస్తుంది, మూడు వారాలకు ఇంకొకటి వస్తుంది. పెద్దలు ఆలోచిస్తున్నారు కదా, ఇప్పుడే కేసు అంటే బాగుండదని ఆయన ఆగుతాడు. కానీ లోపలి అప్పీలు నడుస్తున్నంత మాత్రాన ట్రైబ్యునల్ గడియారం ఆగదు. అప్పీలు కొట్టివేశామన్న జవాబు జూన్ మూడో వారంలో వస్తే, అప్పటికి తలుపు మూసుకుపోయి ఉంటుంది. గడువులోగా కేసు వేయడం సాధ్యపడలేదని నిరూపిస్తే సడలింపు దొరకవచ్చు. వివక్ష కేసుల్లో ఆ సడలింపు కొంత ఉదారంగా ఉంటుంది. అయితే దాన్ని ముందుగానే లెక్కలో వేసుకోవడం అవివేకం.

ఆ గడియారాన్ని ఆపేది ఏకాస్ అనే ప్రభుత్వ నిధులతో నడిచే స్వతంత్ర రాజీ సంస్థ. 2014 నుంచి, కొద్దిపాటి మినహాయింపులతో, కేసు వేయాలనుకునే ప్రతి ఒక్కరూ ముందుగా ఏకాస్‌కు తెలియజేయాలి. అక్కడి మధ్యవర్తి తీర్పరి కాడు. మన మాట వారికి, వారి మాట మనకు చేరవేస్తాడు. రాజీ కోసం అక్కడ నడిచిన సంభాషణను తరువాత ట్రైబ్యునల్ ముందు సాక్ష్యంగా వాడుకోకూడదు గనుక, ఇరుపక్షాలూ కొంత మనసు విప్పి మాట్లాడుకోవచ్చు. కుదిరితే ఒప్పందం రాసుకుంటారు. కుదరకపోతే ఒక ధ్రువపత్రం ఇస్తారు. ఆ పత్రం సంఖ్య లేకుండా దావా ఫారం స్వీకరించరు. పత్రంలో ఉన్న యజమాని పేరూ ఫారంలో రాసే పేరూ ఒకటిగా ఉండేలా చూసుకోవాలి. బోర్డు మీద కనిపించే పేరు ఒకటి, జీతం చీటీ మీద ఉండే కంపెనీ పేరు మరొకటి కావడం మామూలే కాబట్టి, జీతం చీటీ చూసి రాయడం మేలు.

దావా వేయడానికి రుసుము లేదు. దీని వెనక పెద్ద పోరాటమే ఉంది. 2013 జూలైలో ప్రభుత్వం రుసుములు పెట్టింది. అన్యాయమైన తొలగింపు కేసు విచారణ వరకు వెళ్తే మొత్తం 1,200 పౌండ్లు కట్టవలసి వచ్చేది. దావాలు ఒక్కసారిగా పడిపోయాయి. యూనిసన్ అనే కార్మిక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. న్యాయస్థానానికి వెళ్లే హక్కునే ఈ రుసుము అడ్డుకుంటోందని 2017 జూలైలో కోర్టు దాన్ని కొట్టివేసింది, కట్టినవారికి డబ్బు తిరిగి ఇచ్చారు.

ఫారంలో ఏమి రాయాలన్నది మరో మాట. "మా మేనేజర్ నన్ను ఎంతోకాలంగా వేధిస్తున్నాడు" అన్న వాక్యంలో బాధ ఉంది, కేసు లేదు. "ఫిబ్రవరి 3న, సిబ్బంది సమావేశంలో, ఇద్దరు సహోద్యోగుల ఎదుట, ప్రసూతి సెలవు అడిగినందుకు నా షిఫ్టులు తగ్గిస్తానని అన్నాడు" అన్న వాక్యంలో కేసు ఉంది. ట్రైబ్యునల్ ఫారం ప్రతిని పంపిన నాటి నుంచి 28 రోజుల్లో యజమాని జవాబు ఇవ్వాలి. ఆ తరువాత విచారణకు ఏడాది దాటడం అరుదేమీ కాదు.

విచారణలు బహిరంగం గనుక ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. నేను ఒకసారి వెనక వరుసలో కూర్చున్నాను. అక్కడ బోనులూ ఆవేశపూరిత ప్రసంగాలూ లేవు. బల్ల మీద పేజీల సంఖ్యలు వేసిన లావుపాటి కాగితాల కట్ట ఉంది. సాక్షి వాంగ్మూలాన్ని జడ్జి ముందే చదివి ఉంటారు కనుక నేరుగా ప్రశ్నలే మొదలయ్యాయి. "నూట నలభై మూడో పేజీ చూడండి" అన్నారు; సాక్షి వణికే వేళ్లతో పేజీలు తిప్పుతున్నంతసేపూ గది నిశ్శబ్దంగా ఉంది. అది ఆయనే పంపిన ఈమెయిల్, ఆయన చెప్పిన తేదీకి రెండు రోజుల ముందుది.

తొలగింపు కేసుల్లో జడ్జి, తానైతే ఈ ఉద్యోగిని తీసేసేవాణ్ణా అని ఆలోచించరు. సమంజసమైన యజమాని ఎవరైనా అలా చేసి ఉండవచ్చునా అని చూస్తారు. కొందరికి ఇది మింగుడుపడదు. పద్ధతి తప్పి తీసేసినా, సరైన పద్ధతిలోనూ ఎలాగో తీసేసేవారే అని తేలితే నష్టపరిహారం తగ్గుతుంది. గెలిచినవారు కూడా ఆ మధ్యకాలంలో వేరే ఉద్యోగం కోసం ప్రయత్నించినట్టు చూపాలి. పెట్టిన దరఖాస్తులు దాచుకోవడం అందుకే. ఓడినా ఎదుటి పక్షం ఖర్చులు మామూలుగా మన నెత్తిన పడవు, కేసును అసమంజసంగా నడిపితే తప్ప. తీర్పులు 2017 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. పేరు కూడా అందులో ఉంటుందని ముందే తెలిసి ఉండాలి.

ఓడినవారు 42 రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ అప్పీల్ ట్రైబ్యునల్ అనే పై పీఠానికి వెళ్లవచ్చు, అదీ చట్టం విషయంలో పొరపాటు జరిగిందన్న వాదనతో మాత్రమే. తీర్పును నోటితో చెప్పినప్పుడు, అందుకు కారణాలు రాతలో కావాలని అక్కడికక్కడే అడగాలి, లేదా తీర్పు ప్రతి పంపిన నాటి నుంచి 14 రోజుల్లో అడగాలి. అప్పీలుకు ఆ కారణాల ప్రతే ఆధారం.

నమస్కారం.