హైదరాబాద్ రాతిగుండ్లు ఎందుకు గుండ్రంగా ఉంటాయి?

తమ్ముడు: అందరికీ నమస్కారం. జియాలజీ నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి అని ఇంటర్ పిల్లలు, ఉద్యోగాలు చేసేవాళ్లు కూడా అడుగుతున్నారు. అందుకే కాలేజీలో జియాలజీ చెప్పే మా అక్కనే ఈరోజు కూర్చోబెట్టాను. అక్కా, ఏ పుస్తకంతో మొదలుపెట్టమంటావు?

అక్క: పుస్తకం సంగతి తర్వాత. ముందు ఇది పట్టుకో.

తమ్ముడు: వినేవాళ్ల కోసం చెబుతున్నాను, పిడికెడంత రాయి. ఒకవైపు కొత్తగా పగిలినట్టుంది, తళతళలాడుతోంది. ఇంకోవైపు మాసిపోయిన గోధుమరంగు.

అక్క: మణికొండలో పునాది తవ్వుతున్న చోట అడిగి తెచ్చాను. ఎప్పుడైనా పగిలిన వైపే చూడాలి, బయటివైపు ఎండావానలకు మారిపోయి ఉంటుంది. ఏమేం కనిపిస్తున్నాయి?

తమ్ముడు: గులాబీరంగు పలుకులు, పెద్దవే. మధ్యమధ్యలో గాజులాంటి బూడిదరంగు. నల్ల చుక్కలు.

అక్క: గులాబీరంగుది ఫెల్డ్‌స్పార్. లైటు కింద మెల్లగా తిప్పు. ఒక కోణంలో పలుకు మొత్తం ఒక్కసారి మెరుస్తుంది.

తమ్ముడు: అవును, అద్దం పెట్టినట్టు మెరిసింది!

అక్క: అది చదునుగా చీలే ఖనిజం, అందుకే ఆ మెరుపు. గాజులా ఉన్నది క్వార్ట్జ్, మన పలుగురాయి. దాన్ని ఎలా తిప్పినా అంత చదునైన మెరుపు రాదు. నల్లవి ఎక్కువగా బయోటైట్, అభ్రకంలో ఒక రకం. సూదితో గీరితే సన్నటి రేకులు లేస్తాయి. ఈ మూడూ గుర్తుపడితే గ్రానైట్‌ను గుర్తుపట్టినట్టే. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టింది కూడా ఇలాంటి గులాబీ గ్రానైట్‌తోనే. ఈసారి అటు వెళ్తే గోడ దగ్గర నిలబడి చూడు.

తమ్ముడు: పలుకులు ఇంత పెద్దగా ఎందుకున్నాయి?

అక్క: పటికబెల్లం ఎలా చేస్తారో తెలుసుగా? పాకాన్ని కదపకుండా రోజుల తరబడి వదిలేస్తే పెద్ద పెద్ద పలుకులు కడతాయి. ఇదీ అంతే. నేల లోపల కిలోమీటర్ల లోతున కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారింది. అదే లావా బయటికి పొంగితే త్వరగా గట్టిపడుతుంది, పలుకులు కంటికి ఆనవు. వికారాబాద్ వైపు దొరికే నల్లరాయి, బసాల్ట్, అలా ఏర్పడిందే. దాన్నిచ్చిన దక్కన్ లావాలు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటివి.

తమ్ముడు: మరి మన గ్రానైట్ వయసు?

అక్క: దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి వయసే సుమారు 454 కోట్లు. అంటే భూమి వయసులో సగానికి పైగా ఈ రాయి చూసింది.

తమ్ముడు: అంత పాతదని ఎలా చెప్తారు అక్కా? అంచనాయేనా?

అక్క: కాదు, కొలుస్తారు. గ్రానైట్‌లో జిర్కాన్ అనే చాలా చిన్న స్ఫటికాలుంటాయి. ఏర్పడేటప్పుడు అవి యురేనియంను లోపలికి రానిస్తాయి, సీసాన్ని దాదాపుగా రానివ్వవు. తర్వాత యురేనియం తనంతట తాను సీసంగా మారుతూ పోతుంది. యురేనియం 238లో సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఏది ఎంతుందో కొలిస్తే వయసు లెక్క తేలుతుంది. ఉప్పల్ రోడ్డులో ఎన్‌జీఆర్‌ఐ, అంటే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది, 1961లో మొదలైంది. భూమి లోపలి సంగతులు పరిశోధించే అంత పెద్ద సంస్థ మన ఊళ్లోనే ఉందని చాలామంది పిల్లలకు తెలియదు.

తమ్ముడు: ఇప్పుడు అసలు ప్రశ్న. ఖాజాగూడలో, దుర్గం చెరువు దగ్గర, మౌలాలిలో ఒకదాని మీద ఒకటి నిలబడ్డ గుండ్లున్నాయి కదా. నదిలో దొర్లి గుండ్రంగా అయ్యాయని చాలామంది అనుకుంటారు.

అక్క: ఏ నదీ దొర్లించలేదు, ఎవరూ ఎత్తి పెట్టలేదు. ఎక్కువ భాగం ఉన్నచోటే గుండ్రబడ్డాయి. పైనున్న కిలోమీటర్ల కొద్దీ రాయి కోట్ల ఏళ్లలో అరిగిపోయింది. ఆ బరువు తగ్గేసరికి కింది గ్రానైట్ కాస్త వ్యాకోచించి పగుళ్లు పడింది. నిలువు పగుళ్లు, అడ్డ పగుళ్లు కలిస్తే రాయి పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోతుంది. అప్పటికి అవి గుండ్రంగా లేవు, నలుపలకలుగానే ఉన్నాయి. ఇంకా నేలలోనే ఉన్నాయి.

తమ్ముడు: తర్వాత?

అక్క: వాననీరు ఆ పగుళ్లలోకి దిగింది. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి అది కొద్దిగా ఆమ్లంగా ఉంటుంది. అది ఫెల్డ్‌స్పార్‌ను మెల్లగా బంకమట్టిగా మారుస్తుంది. దిమ్మె ముఖానికి నీళ్లు ఒకవైపు నుంచే తగులుతాయి, అంచుకు రెండు వైపుల నుంచి, మూలకు మూడు వైపుల నుంచి. అందుకని మూలలు ముందు పోతాయి, తర్వాత అంచులు. మధ్యలో గట్టి గుండు మిగులుతుంది. చుట్టూ ఉన్నది మొరం అవుతుంది. వానలకు ఆ మొరం కొట్టుకుపోతే గుండ్లు బయటపడతాయి, ఉన్నవి ఉన్నట్టు ఒకదాని మీద ఒకటి.

తమ్ముడు: రోడ్డు వేసేటప్పుడు పోసే మొరం, ఈ మొరం ఒకటేనా?

అక్క: అదే! కుళ్లిన గ్రానైట్. చేత్తో నలిపి చూడు, పలుగు పలుకులు మాత్రం గరగరలాడతాయి, అవి మారవు. మన చెల్క నేల ఎర్రగా, ఇసుకగా ఉండేదీ అందుకే. బసాల్ట్ కుళ్లితే నల్లరేగడి వస్తుంది.

బోరు సంగతి కూడా చెప్పాలి, ఎండాకాలం ఎవరింట్లో చూసినా అదే టెన్షన్. గట్టి గ్రానైట్‌లో నీళ్లు నిలిచే సందులు దాదాపు ఉండవు. నీళ్లుండేది పైన మొరంలో, దాని కింద పగుళ్లలో. మన బోరు పగులుకు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. పక్కింట్లో పడి మనింట్లో పడకపోవడం మన దురదృష్టం కాదు, కింద పగులు అటు ఉంది, అంతే. ఇంటి చుట్టూ అంతా సిమెంట్ చేసేస్తే ఆ మొరంలోకి వాన దిగే దారే ఉండదు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది. కాలనీలకు కాలనీలు అలాగే చేస్తున్నాయి.

తమ్ముడు: గుండ్లను కూడా పేల్చేస్తున్నారు కదా.

అక్క: పేల్చేస్తే మళ్లీ రావు. కోట్ల ఏళ్ల పని ఒక్క పూటలో పోతుంది. సొసైటీ టు సేవ్ రాక్స్ అని 1996 నుంచి ఇక్కడ పనిచేస్తున్నవాళ్లు ఉన్నారు, రాక్ వాక్‌లు కూడా పెడతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఒకసారి వెళ్లి నడవాలి.

తమ్ముడు: కొండకు వెళ్లలేనివాళ్లు ఇంట్లో ఏం చేయొచ్చు?

అక్క: పాత ఇళ్లలో షాబాద్ బండలు ఉంటాయి. అవి సున్నపురాయి, సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. విరిగిన ముక్క ఉంటే మేకుతో గీరి, ఆ పొడి మీద నిమ్మరసం వెయ్యండి. సన్నగా బుడగలొస్తాయి. గ్రానైట్ మీద రావు. పరిచిన బండ మీద మాత్రం చేయకండి, మచ్చ పడితే అమ్మ ఊరుకోదు.

తమ్ముడు: బయటికి వెళ్లేవాళ్లకు?

అక్క: పదింతలు పెద్దగా చూపించే చిన్న లెన్స్, ఒక నోట్‌బుక్, నీళ్ల సీసా చాలు. సుత్తి వద్దు, గోల్కొండలాంటి రక్షిత చోట్ల అసలే వద్దు, కింద రాలిన ముక్కలు చూస్తే సరిపోతుంది. పగుళ్లు ఎటు పోతున్నాయో గీసుకోండి. గ్రానైట్‌ను చీల్చుకుంటూ నల్లటి పట్టీ కనిపిస్తే అది డోలరైట్ డైక్ కావచ్చు, తర్వాత కరిగిన రూపంలో పగుళ్లలోకి ఎక్కి గట్టిపడిన రాయి. అది గ్రానైట్‌ను కోస్తోంది కాబట్టి వయసులో చిన్నది. ఫొటో తీసేటప్పుడు పక్కన పెన్నో రూపాయి బిళ్లో పెట్టండి, లేకపోతే ఎంత పెద్ద రాయో తర్వాత మీకే తెలియదు.