స్పితి లోయకు ఏ వైపు నుంచి ఎక్కాలి?

శ్రోతలకు నమస్కారం. హిమాచల్ ప్రదేశ్‌లో టిబెట్ సరిహద్దును ఆనుకొని ఉన్న స్పితి లోయకు బండి వెళ్లే దారులు రెండు. ఒకటి మనాలీ నుంచి. అది సుమారు 200 కిలోమీటర్లు, తెల్లవారుజామున బయలుదేరితే చీకటి పడే వేళకు స్పితిలోని ముఖ్య ఊరు కాజా చేరుస్తుంది. రెండోది సిమ్లా నుంచి, సట్లెజ్ నది వెంట కిన్నౌర్ జిల్లా మీదుగా 400 కిలోమీటర్లు దాటి వెళ్లేది. సెలవులు తక్కువ ఉన్నవాళ్లు సహజంగానే మొదటి దారి పడతారు. సాయంత్రం కాజాలో దిగేసరికి బండిలో సగం మంది తల పట్టుకొని ఉంటారు, మిగతావాళ్లకు డోకు. కారణం చాలా సరళం. మనాలీ ఎత్తు 2,050 మీటర్లు. ఆ దారిలో కుంజుమ్ కనుమ 4,551 మీటర్లు. ఒక్క పగటిలో అంత ఎక్కి, ఆ రాత్రే 3,700 మీటర్ల చోట పడుకోమంటే ఒళ్లు ఒప్పుకోదు. అందుకని సిమ్లా వైపు నుంచి ఎక్కి మనాలీ వైపు దిగాలి. దారి తెలిసిన డ్రైవరు ఎవరైనా ఇదే చెబుతాడు. ఎదురు చెప్పే ఏజెంటు ఉంటే అతన్ని వదిలేయడమే మంచిది.

మన తూర్పు కనుమల్లో ఎంత పెద్ద శిఖరమైనా 1,700 మీటర్లు దాటదు. హైదరాబాద్‌లో ఉన్నా విశాఖలో ఉన్నా మన ఊపిరితిత్తులకు పల్చటి గాలి అలవాటు లేదు. 2,500 మీటర్లు దాటాక ఆ తేడా తెలుస్తుంది. 4,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో 57 శాతమే. వైద్యులు చెప్పే లెక్క ఇది: 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఎత్తు పెంచకుండా ఆగాలి. పగలు ఇంకాస్త ఎత్తుకు వెళ్లొచ్చినా ఫరవాలేదు, రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ముఖ్యం.

ఆ లెక్కతో రాత్రులు ఇలా పేర్చుకోవచ్చు. మొదటిది సిమ్లా లేదా నార్కండా, రెండోది సరాహన్. తర్వాత 2,960 మీటర్ల కల్పాలో రెండు రాత్రులు. ఆపైన నాకో 3,660 మీటర్లు, ఇది కాస్త పెద్ద మెట్టే. దీన్ని దాటేసి 3,280 మీటర్ల తాబోలో పడుకోవడం ఇంకా మేలు. నాకోలో మధ్యాహ్నం భోజనం చేసి, సరస్సు చుట్టూ నెమ్మదిగా నడిచి, దిగిపోవచ్చు. తాబో తర్వాత కాజాలో మూడు రాత్రులు. పది పన్నెండు రోజులు లేకపోతే ఈ ప్రయాణాన్ని కల్పా వరకే పెట్టుకోండి. అదేమీ తక్కువ ప్రయాణం కాదు.

ఎత్తుకు వచ్చాక తలనొప్పి, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మామూలే. ఆ రోజు ఇక పైకి ఎక్కకూడదు, మద్యం ముట్టకూడదు, నీళ్లు తాగుతూ ఉండాలి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే అసిటజోలమైడ్ మాత్ర సాధారణంగా 125 మిల్లీగ్రాములది, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి వేసుకుంటారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఉంటారు కాబట్టి బయలుదేరే ముందే డాక్టరును అడగాలి. వేలికి పెట్టే ఆక్సిమీటరు కాజాలో 85, 88 చూపిస్తే కంగారు పడొద్దు. అంకెను కాదు, మనిషిని చూడండి. మడమకు కాలివేళ్లు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు నడవమనండి. తూలుతున్నా, మాట తడబడుతున్నా, కూర్చున్నచోటే ఆయాసం వస్తున్నా, రాత్రి ఎంతైందని చూడకుండా కిందికి దించాలి. చేతిలో పట్టే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకొని అక్కడే ఉండిపోవద్దు.

ఇక దారి. రాంపూర్ దాటాక రోడ్డు సట్లెజ్ లోయ అంచున కొండను తొలిచి వేసినది. తరండా దగ్గర రాతి కప్పు తల మీదికి వంగి ఉంటుంది. ఇది 1850లో డల్హౌసీ కాలంలో మొదలైన హిందుస్థాన్–టిబెట్ దారికి వారసత్వం. నిలువు వాలు, కింద నది కోత, పైన వదులు రాయి ఉన్నందువల్ల వాన పడితే కొండచరియలు విరిగిపడతాయి. 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర ఒక బస్సు, మరికొన్ని బండ్ల మీద చరియ పడి 28 మంది పోయారు. స్పితిలో వాన తక్కువే, కానీ అక్కడికి చేర్చే కిన్నౌర్‌లో జూలై, ఆగస్టుల్లో వాన గట్టిగా పడుతుంది. కాబట్టి జూన్ గానీ, సెప్టెంబరు రెండోవారం నుంచి అక్టోబరు మొదటివారం వరకు గానీ పెట్టుకోండి. రాళ్లు రాలే చోట ఫొటోకి ఆగడం, కిటికీ లోంచి తల పెట్టి పైకి చూడడం వద్దు. ముందు బండి దాటేదాకా ఆగి, మనం ఆగకుండా దాటాలి.

ఇరుకు రోడ్డులో ఎదురు బండి వస్తే ఎక్కేవాడికి దారి, దిగేవాడు వెనక్కి వెళ్లాలి. మనవాళ్లకు ఇది కొత్త. తిరుమలలో ఎక్కే ఘాట్ రోడ్డు వేరు, దిగే ఘాట్ రోడ్డు వేరు. అక్కడ నేర్చుకున్న చెయ్యి ఇక్కడ, లోయ అంచున వంద మీటర్లు రివర్స్ తీయడానికి వణుకుతుంది. ఆ ధైర్యం లేకపోతే బండిని స్థానిక డ్రైవరుకు ఇవ్వడమే తెలివైన పని.

కిన్నౌర్ పచ్చటి నేల. ఆపిల్ తోటలు, రాయి వరసా దేవదారు దూలం వరసా మార్చి మార్చి పేర్చిన ఇళ్లు, గుళ్లు. సున్నం లేని ఆ కట్టుబడిని కాఠ్‌కుణీ అంటారు. భూకంపం వస్తే గోడ కదులుతుంది, కూలదు. సరాహన్‌లోని భీమాకాళి గుడి ఆ పద్ధతిదే. సాంగ్లా పక్కన కామ్రూ కోటలోకి వెళ్లాలంటే తలకు టోపీ, నడుముకు గుడ్డ కట్టాలి. రెండూ గుమ్మం దగ్గరే ఇస్తారు. శరత్కాలంలో వెళ్తే చిల్గోజా అనే పైన్ గింజల కాయలు కోయడం చూస్తారు. పొడవాటి కర్రకు కొక్కెం కట్టి, పైన్ చెట్టెక్కి, కాయను కొమ్మ నుంచి తెంపుతారు. చేతులకు పట్టిన జిగురు రోజుల తరబడి వదలదు. కిలో ధర విని ఉలిక్కిపడేవాళ్లు ఒక్కసారి ఆ చెట్టు కింద నిలబడి చూడాలి.

కిన్నౌర్ జిల్లా కేంద్రం రికాంగ్ పియో దిగువన పోవారీ బంకులో ట్యాంకు నిండా పట్టించండి. తర్వాతి బంకు కాజాలోనే, దాదాపు 200 కిలోమీటర్లు. కాజా తర్వాత మనాలీ వైపు మళ్లీ అంతే దూరం. ఊళ్లు తిరిగే వంద కిలోమీటర్లు దీనికి కలుపుకోవాలి. ఏటీఎం ఉన్నా నమ్మకం పెట్టుకోకుండా నగదు తీసుకెళ్లండి.

ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడి నుంచి కొండల మీద చెట్టన్నది లేదు. వంపు మీద వంపుగా కా అనే ఊరి మలుపులెక్కితే నాకో. దాని తర్వాత మలింగ్ దగ్గర కొండ నీరూరుతూ ఏళ్లుగా జారుతూనే ఉంది, పొద్దున్నే దాటడం మంచిది. పై నుంచి వచ్చే పారేచూ నది సుమ్డో దగ్గర స్పితిలో కలుస్తుంది. టిబెట్ వైపు చరియ అడ్డుపడి దాని మీద సరస్సు ఏర్పడింది. 2005 జూన్‌లో అది తెగి సట్లెజ్ వెంట వంతెనలను ఊడ్చుకుపోయింది.

తాబో మఠాన్ని క్రీ.శ. 996లో పశ్చిమ టిబెట్‌లోని గూగే రాజు యేషే ఓద్ కట్టించాడు. బయటి నుంచి చూస్తే మట్టి దిబ్బ లాంటి గోడలు. లోపల చీకటి. అడుగుపెట్టగానే టార్చి వేయకుండా రెండు నిమిషాలు కళ్లు అలవాటు పడనివ్వండి. మొదట గోడల నుంచి ముందుకు పొడుచుకొచ్చిన మట్టి దేవతలు, ఆ తర్వాత వాటి కింద వరసలు వరసలుగా చిత్రాలు తేలుతాయి. పాత గుళ్లలో ఫొటోలు తీయనివ్వరు. వాన అరుదైన నేల కాబట్టి మట్టి వెయ్యేళ్లు నిలిచింది. స్తూపాలకూ, మంత్రం చెక్కిన రాళ్ల గోడలకూ మన ప్రదక్షిణ దిక్కే: కుడిచేతి వైపు ఉంచుకొని వెళ్లాలి. డ్రైవర్లు కూడా కుంజుమ్ కనుమ మీద గుడి చుట్టూ బండి తిప్పుకొని గానీ దిగరు.

స్పితిలో పాత కట్టుబాటు ప్రకారం ఇల్లూ పొలమూ పెద్ద కొడుక్కి. అతనికి పెళ్లయ్యాక తల్లిదండ్రులు పెద్దిల్లు వదిలి పక్కనున్న చిన్నింటికి మారతారు, తమ్ముళ్లు మఠంలో చేరతారు. మంచు కరిగిన నీటిని కాలువల్లో మైళ్ల దూరం తెచ్చి బార్లీ, బఠాణీ పండించే చోట పొలం ముక్కలైతే ఎవరికీ గింజ మిగలదు. వేయించిన బార్లీ పిండిని త్సంపా అంటారు. తొలి ఏకాదశికి పేలపిండి తిన్నవాళ్లకు దాని రుచి వెంటనే పట్టుబడుతుంది. ఉప్పూ వెన్నా వేసిన టీని మాత్రం పాయసం కాదు, చారు అనుకొని తాగాలి.

అన్నం సంగతి. కాజాలో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గిన్నెలో బియ్యం ఎంతసేపు ఉంచినా పైన మెత్తబడి లోపల పలుకుగానే ఉంటుంది. పప్పు సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే ప్రతి వంటింట్లో ప్రెషర్ కుక్కర్. ఎక్కడైనా అన్నం కావాలంటే గంట ముందు చెప్పండి. పల్లెల్లో మరుగుదొడ్డి పొడిది. నేల మీద రంధ్రం, కింద గది, పక్కన మట్టీ బూడిదా, ఒక పార. వాడాక రెండు పారలు వేయాలి. బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే చలికి గడ్డకట్టి ఎరువు మాగదు. వసంతంలో ఆ ఎరువే బఠాణీ పొలానికి వెళ్లాలి.

లాంగ్జా, హిక్కిమ్, కోమిక్ ఊళ్లు 4,400 నుంచి 4,587 మీటర్ల మధ్యలో ఉన్నాయి. కాజాలో ఒక రాత్రి గడిపాక మాత్రమే పగలు వెళ్లి రండి. హిక్కిమ్ పోస్టాఫీసు నుంచి ఉత్తరం వేయొచ్చు. లాంగ్జాలో కొండంతా శిలాజాలు. మన పూజగదుల్లోని సాలగ్రామం లాంటివే, ఒకప్పటి టెథిస్ సముద్రపు గవ్వలు. పిల్లలు అమ్మజూపితే కొనకండి.

తిరుగు ప్రయాణం కష్టమైన భాగం. కాజా నుంచి ఉదయం ఐదున్నరకు కదలాలి. బాతల్ నుంచి గ్రాంఫూ వరకు 50 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. రోడ్డు కన్నా రాళ్లే ఎక్కువ. ఎండెక్కేకొద్దీ మంచు కరిగి వాగులు పెరుగుతాయి, పది గంటలకు మోకాలి లోతున్నది రెండింటికి నడుము లోతవుతుంది. దిగే ముందు కర్రతో లోతు చూసి, మొదటి గేరులో, ఆగకుండా, గేరు మార్చకుండా దాటాలి. మధ్యలో క్లచ్ తొక్కితే సైలెన్సర్‌లోకి నీళ్లు వస్తాయి. దాటాక బ్రేకు రెండు మూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టాలి. చంద్రతాల్ సరస్సు ఒడ్డున డేరాలు వేయనివ్వరు, శిబిరాలు దూరంగా ఉంటాయి. 2023 జూలైలో అక్కడ మంచు కురిసి రెండు వందల మందికి పైగా చిక్కుకుపోయారు. ఆకాశం మబ్బుగా ఉంటే గైడు వద్దంటాడు. ఆ మాటకు ఎదురు చెప్పకండి, డబ్బిస్తున్నది దానికే.

టైర్ల మాటతో ఆపుతాను. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి పీడనం తగ్గుతుంది కాబట్టి, సిమ్లాలో 32 ఉన్న టైరు కుంజుమ్ దగ్గర గేజీలో 35 దాకా చూపుతుంది. రాళ్ల మీద అది గట్టిగా ఎగురుతుంది, కోసుకుపోతుంది. కాజాలో కొంచెం వదలండి. స్టెప్నీ ఒకటి చాలదు, రెండు పెట్టుకోండి. అటల్ సొరంగం దాటి మనాలీలో దిగాక, ముందు టీ కాదు, గాలి మళ్లీ పట్టించండి. పైన మూత బిగించి పెట్టిన ఖాళీ నీళ్ల సీసా అప్పటికి పిడికిలితో నొక్కినట్టు ముడుచుకుపోయి ఉంటుంది. వదిలిన టైరు కూడా అలాగే మెత్తబడి ఉంటుంది, హైవే మీద వేడెక్కి పేలేది అదే.