పసుపు నీళ్లు తాగాక గ్లాసు అడుగు చూశారా?

(నల్గొండలో మా వంటగది. గట్టు మీద ఒక గాజు గ్లాసు, పక్కన పోపు గరిటె.)

నమస్తే అండి. మా అమ్మ రోజూ పరగడుపున పసుపు నీళ్లు తాగుతుంది. మొన్న ఆ గ్లాసు కడగబోతే అడుగున పసుపు ముద్దలా పేరుకొని ఉంది. అందుకే ఈ వీడియో.

(గ్లాసు దగ్గరగా.)

నీళ్లలో అర చెంచా పసుపు కలిపాను. కాసేపు ఆగుదాం... చూడండి, కిందికి దిగిపోతోంది.

(గరిటె దగ్గరగా.)

ఇది వేడి పల్లి నూనె. చిటికెడు పసుపు వేయగానే నూనె ఎంత చిక్కటి రంగు పట్టుకుందో చూడండి! ఆ రంగే కర్‌క్యుమిన్. మనకు కావాల్సిన యాంటీఆక్సిడెంట్, అంటే ఒంట్లో కణాలు దెబ్బతినకుండా కాపాడే పదార్థం, అదే. నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో, నెయ్యిలో కరుగుతుంది. పసుపు మాడితే మాత్రం పాడవుతుంది, పొయ్యి ఆపే ముందు వేయండి.

కరిగినా ఇంకో చిక్కుంది. పేగు గోడ, లివర్ కలిసి కర్‌క్యుమిన్‌ను చకచకా మార్చేసి బయటికి పంపేస్తాయి. మిరియాల ఘాటుకు కారణమైన పైపరిన్ ఆ పనిని నెమ్మది చేస్తుంది. 1998లో బెంగళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్‌క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇస్తే, రక్తంలోకి చేరేది సుమారు 20 రెట్లు పెరిగింది. పసుపులో కర్‌క్యుమిన్ సుమారు 3 శాతమే కాబట్టి 2 గ్రాములంటే 60 గ్రాములకు పైగా పసుపు కావాలి. మన పప్పులో అంత పడదు. అయినా పోపులో నాలుగు మిరియాలు దంచి వేస్తే, ఉన్న కొంచెమైనా ఒంటికి పడుతుంది.

టమాటాదీ ఇదే దారి. ఎర్ర రంగునిచ్చే లైకోపీన్ పచ్చి ముక్కలో కణాల గోడల మధ్య ఇరుక్కొని ఉంటుంది. నూనె తేలేదాకా మగ్గిస్తే ఆ గోడలు విరిగి, లైకోపీన్ నూనెలోకి దిగుతుంది. జొన్న రొట్టెలోకి మనం చేసే టమాటా పచ్చడి అలాంటిదే కదా!

మన బత్తాయికి ఇవేవీ అక్కర్లేదు. విటమిన్ సి నీళ్లలోనే కరుగుతుంది, వేడి తగిలితే తగ్గుతుంది. జ్యూస్ వడకట్టకుండా తొనలు తొనలుగా తినండి. హెస్పెరిడిన్ అనే మరో యాంటీఆక్సిడెంట్ ఆ తెల్ల పొరల్లోనే ఎక్కువ.

చివరగా, పసుపు, మిరియాల సారంతో చేసిన క్యాప్సూల్స్ గురించి. వాటితో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లకు ఇంకా ప్రమాదం. ఇప్పటికే కొని ఉంటే, ఇంకో క్యాప్సూల్ వేసుకోకముందే ఆ డబ్బా మీ డాక్టర్‌కు చూపించండి.