కార్బురేటర్ విప్పే ముందు బల్బును అడగండి: పాత ఔట్‌బోర్డు ఇంజినుకు పెట్రోలు అందనప్పుడు

దృశ్యం: తెల్లవారుజాము. ఇసుక మీదికి లాగిన ఫైబర్ పడవ. వెనుక బల్లకు బిగించిన పాత రెండు స్ట్రోకుల ఇంజిను. ఎవరో స్టార్టరు తాడు లాగుతారు. ఇంజిను అందుకుంటుంది, కాసేపు ఆడి ఆగిపోతుంది.

వ్యాఖ్యానం:
విన్నారు కదా. తాడు లాగగానే అందుకుంది. ఓ నిమిషం బాగానే ఆడింది. తర్వాత నీరసించి, ఒకసారి గట్టిగా ఊపిరి తీసుకున్నట్టు వేగం పెంచి, ఆగిపోయింది. మన తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ముగిసిన రోజుల్లో ఈ చప్పుడు తరచుగా వినిపిస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఇంజిను టార్పాలిన్ పట్టా కింద నిద్రపోతుంది. దాని కడుపులో పాత పెట్రోలు మాత్రం అలాగే ఉండిపోతుంది.

ఆగిపోయిన మరుక్షణం ఎవరో ఒకరు స్పానరు పట్టుకుని, పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకు అందించే కార్బురేటర్ మీద పడతారు. నేనూ చాలా ఏళ్ళు అలాగే పడ్డాను. ఈ వీడియోలో ఆ పని చివరికి చేద్దాం. అసలు చేయాల్సిన అవసరమే రాకపోవచ్చు. మొదట ఒక సాక్షిని విచారించాలి. ట్యాంకు నుంచి ఇంజినుకు వెళ్ళే పైపు మధ్యలో, చేత్తో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. ఆ సాక్షి అదే.

దృశ్యం: బల్ల మీద ఎర్ర ట్యాంకు, పైపు, బల్బు, ఫిల్టరు, పంపు, కార్బురేటర్ వరుసగా పరిచి ఉంటాయి. వేలు ఒక్కొక్కదాని మీదుగా కదులుతుంది.

వ్యాఖ్యానం:
పెట్రోలు నడిచే దారి ఇది. ట్యాంకు మూత మీద గాలి స్క్రూ. లోపల అడుగు దాకా దిగిన గొట్టం, దాని చివర జల్లెడ. పైపు, బల్బు, మళ్ళీ పైపు, ఇంజినుకు తగిలించే కనెక్టరు. ఆ పైన ఫిల్టరు, పంపు, కార్బురేటర్. ఏ కంపెనీ ఇంజినైనా పాత వాటిలో దాదాపు ఇదే వరుస.

ఇందులో ఒక్క విషయం పట్టుకుంటే సగం మెకానిక్ అయినట్టే. ఇంజిను ఆడుతున్నప్పుడు ట్యాంకు నుంచి పంపు దాకా పెట్రోలును ఎవరూ తోయరు. పంపు దాన్ని పీల్చుకుంటుంది. కొబ్బరిబోండాంలో పెట్టిన స్ట్రాకు పైన ఎక్కడో చిల్లు పడితే నీళ్ళు బయటికి కారవు, నోట్లోకి గాలి వస్తుంది. ఇక్కడా అంతే. పైపు చీలినా, కనెక్టరులోని ఓ రింగు అరిగినా చుక్క కూడా కారకపోవచ్చు. ‘ఎక్కడా కారడం లేదు, పైపు బాగానే ఉంది’ అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

పని మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పడవ అడుగున చేరి అక్కడే కూర్చుంటుంది. బీడీ, సిగరెట్టు దూరంగా పెట్టండి. బ్యాటరీ ఉంటే తీగ ఊడదీయండి. ఒడ్డున ఇంజిను ఆడించాలంటే దాని కాలు, అంటే ప్రొపెల్లరు ఉండే కింది భాగం, నీళ్ళ డ్రమ్ములో మునిగి ఉండాలి. నీళ్ళు లేకుండా ఆడిస్తే చల్లార్చే పంపులోని రబ్బరు రెక్కలు కొద్దిసేపట్లోనే మాడిపోతాయి.

దృశ్యం: ట్యాంకు మూత దగ్గరగా. వేళ్ళు చిన్న స్క్రూను తిప్పుతాయి. ‘స్స్’మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం.

వ్యాఖ్యానం:
ఈ శబ్దం వినిపించిందంటే రోగం దొరికినట్టే. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె గుక్కలు గుక్కలుగా వస్తుంది, రెండో చిల్లు పెడితే ధారగా వస్తుంది. ఈ స్క్రూ ఆ రెండో చిల్లు. మూసి ఉంటే కొద్ది నిమిషాలు నడిచి, లోపల గాలి పలచబడి, పెట్రోలు రావడం ఆగిపోతుంది. తెరిచే ఉన్నా ఉప్పు పేరుకుని మూసుకుపోవచ్చు. అనుమానం ఉంటే మూత మొత్తం వదులు చేసి ఆడించి చూడండి.

ఇప్పుడు బల్బు. దాని మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఇంజిను వైపు చూడాలి. బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకుని నొక్కండి. లోపలి వాల్వులు అలా పట్టుకుంటేనే బాగా పనిచేస్తాయి. కొన్ని నొక్కులకు రాయిలా గట్టిపడాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే మూడు అనుమానాలు: ట్యాంకు వైపు నుంచి గాలి వస్తోంది, బల్బులోని వాల్వులు పోయాయి, లేదా కార్బురేటర్‌లోకి పెట్రోలును ఆపే నీడిల్ (సూది వాల్వు) మూసుకోక పెట్రోలు పొంగిపోతోంది. మూడోదాన్ని వాసనే చెబుతుంది. గట్టిపడిన తర్వాత కూడా ఓసారి పైపు పొడవునా చూడండి. నొక్కినప్పుడు లోపల ఒత్తిడి ఉంటుంది కనుక, బల్బు తర్వాతి భాగంలో దాక్కున్న చీలికలు అప్పుడు చెమ్మగిల్లి బయటపడతాయి.

దృశ్యం: డ్రమ్ములో ఆడుతున్న ఇంజిను. వేగం తగ్గుతుంది. ఒక చెయ్యి బల్బును నొక్కుతుంది, ఇంజిను మళ్ళీ పుంజుకుంటుంది.

వ్యాఖ్యానం:
ఈ వీడియోకు ఇదే ప్రాణం, కాబట్టి కాస్త నిదానిద్దాం. ఇంజిను ఆగిపోబోతున్న క్షణంలోనే బల్బును పట్టుకోండి. ఆగిన తర్వాత పట్టుకుంటే సాక్షి మాట మార్చేస్తుంది.

బల్బు చప్పిడి బుగ్గలా లోపలికి పీక్కుపోయిందా? పంపు బలంగానే పీలుస్తోంది, కానీ బల్బుకు ముందే దారి మూసుకుపోయింది. గాలి స్క్రూ, అడుగు జల్లెడ, వలల పెట్టె కింద నలిగిన పైపు, వీటిలో ఒకటి. బల్బు పీక్కుపోలేదు, మెత్తగా ఉంది, మీరు నొక్కుతున్నంత సేపూ ఇంజిను ఆడుతోందా? అంటే పంపు చేయాల్సిన పని మీ చెయ్యి చేస్తోంది. పంపు నీరసించింది, లేదా గాలి చొరబడుతోంది. బల్బు గట్టిగానే ఉంది, నొక్కినా తేడా లేదా? అప్పుడు మాత్రమే ఫిల్టరు దాటి కార్బురేటర్ వైపు చూడండి. లేదా రోగం పెట్రోలుది కాకపోవచ్చు. స్పార్కు పోతే ఇంజిను సాధారణంగా దీపం ఆర్పినట్టు ఠక్కున ఆగుతుంది. పెట్రోలు అందకపోతే మూలుగుతూ ఆగుతుంది.

గాలా, పంపా అని తేల్చడానికి పంపుకు ముందు జానెడు పారదర్శకమైన పైపు ముక్క తగిలించండి. పెట్రోలుకు తట్టుకునే రకం కావాలి, పరీక్ష అయ్యాక తీసేయాలి. ఇంజిను ఆడుతుండగా అందులో బుడగలు పరుగెత్తితే గాలి. పెట్రోలు నిండుగా ఉండి కూడా ఇంజిను నీరసిస్తే అనుమానం పంపు మీదికి వెళ్తుంది.

పక్క పడవవాళ్ళ ట్యాంకు, పైపు అరగంట అప్పు తెచ్చుకోగలిగితే ఈ గొడవంతా తగ్గుతుంది. వాటితో బాగా నడిచిందంటే మీ ఇంజినులో తప్పు లేదు. కనెక్టరు కుదురుతుందో లేదో ముందే చూసుకోండి, ఒక్కో కంపెనీది ఒక్కో రకం.

దృశ్యం: పాత పైపును బ్లేడుతో నిలువునా చీల్చి తెరుస్తారు. లోపలి పొర ఊడి, నాలుకలా వేలాడుతూ ఉంటుంది.

వ్యాఖ్యానం:
నా పరువు తీసిన పైపు ఇదే. కార్బురేటర్‌ను మూడుసార్లు విప్పి కడిగాను. పంపులో డయాఫ్రం అనే పలుచని పొర కొత్తది వేశాను. బల్బు నొక్కితే పెట్రోలు ధారగా వచ్చేది, కనుక పైపును అనుమానించలేదు. ఇంజిను పీల్చినప్పుడు మాత్రం పైపు లోపల ఊడిన ఈ పొర తలుపులా మూసుకునేది. పైకి పైపు కొత్తదానిలా మెరుస్తూ ఉండేది.

ఇప్పుడు పాత పైపులకు ఇంకో పరీక్ష కూడా వచ్చింది. మన బంకుల్లో దొరికే పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. దానికి తగినట్టు చేయని పాత రబ్బరు అందులో ఉబ్బి, మెత్తబడి, పొరలుగా లేస్తుంది. పైగా ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నీరు హద్దు మీరితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. మన గొట్టం నోరు ఉండేదీ అక్కడే. మీరు కలిపిన 2టీ ఆయిలు (రెండు స్ట్రోకుల ఇంజిను ఆయిలు) మాత్రం పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. అనుమానం ఉంటే అడుగు నుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి కదపకుండా పెట్టండి. రెండు మట్టాలుగా తేరితే ఆ పెట్రోలు ఇంజినుకు పనికిరాదు. దాన్ని నీళ్ళలో పారబోయకండి.

దృశ్యం: పంపు విప్పుతున్న చేతులు. పలుచని పొరను ఆకాశం వైపు పట్టి చూస్తారు.

వ్యాఖ్యానం:
ఇది పంపు. మోటారు లేదు, కరెంటు లేదు. పిస్టన్ ఆడుతుంటే దాని కింది గదిలో, అంటే క్రాంక్‌కేసులో, గాలి ఒకసారి పలచబడుతుంది, ఒకసారి ఒత్తుకుంటుంది. ఆ ఊపిరి చిన్న రంధ్రం గుండా వచ్చి ఈ పొరను ఆడిస్తుంది. నిమిషానికి 5,000 తిరుగుళ్ళ దగ్గర సెకనుకు 80 సార్లకు పైనే. పాపం, ఎన్నాళ్ళని ఆడుతుంది? వెలుతురుకు ఎదురుగా పట్టి సూదిమొన చిల్లులు ఉన్నాయేమో చూడండి. బిరుసెక్కినా మార్చాల్సిందే. చిల్లు పడితే పెట్రోలు ఆ రంధ్రం గుండానే క్రాంక్‌కేసులోకి దిగుతుంది. దానితో పొగ పెరుగుతుంది, ఒక సిలిండరు ప్లగ్గు తడిసి వస్తుంది. ఇక్కడ జనం పెట్రోలు ఎక్కువైందనుకుంటారు కానీ పంపు పోయిందనుకోరు. విప్పే ముందు ఫోనుతో ఫోటో తీసుకోండి. ప్యాకింగుల వరుస మారితే పంపు పనిచేయదు.

ఇక కార్బురేటర్. నిషేధం రెండు నెలల్లో ఆవిరైన పెట్రోలు అందులో తుమ్మబంకలా అంటుకుని ఉంటుంది. నిదానంగా ఆడనంటూ, గాలి తగ్గించే చోక్ లాగితేనే నిలబడితే చిన్న జెట్ (పెట్రోలు కొలతగా వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోయి ఉండవచ్చు. నిదానంగా బాగానే ఆడి, థ్రాటిల్ తిప్పితే చతికిలపడితే పెద్ద జెట్‌ను చూడాలి. జెట్‌లో ఇనుప తీగ దూర్చకండి, రంధ్రం గీసుకుపోతే కొలత తప్పుతుంది. క్లీనరు చల్లి, గాలి ఊదితే చాలు. నిదానపు వేగంలో పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేసే పైలట్ స్క్రూ తీసే ముందు మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. మళ్ళీ పెట్టేటప్పుడు అన్నే చుట్లు వదలాలి.

చోక్ సగం లాగి, ‘ఎలాగోలా నడుస్తోంది కదా’ అని వేటకు పోయేవాళ్ళను చూశాను. పెట్రోలులోనే ఆయిలు కలిపే రెండు స్ట్రోకుల ఇంజినుకు విడిగా ఆయిలు లేదు. 50:1 పాళ్ళలో, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు కలిపిన ఆ పెట్రోలే దానికి ఆయిలు కూడా. 1950ల నాటి ఇంజిన్లకైతే ఇంకా ఎక్కువ కలపాలి. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ గీసుకుని పట్టేస్తుంది. పది నాటికల్ మైళ్ళ దూరంలో తెడ్డు వేయడం ఎలా ఉంటుందో వేసినవాళ్ళకు తెలుసు.

అమెరికాలో సరస్సు పక్కన ఉంటూ పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ ఇంజిన్లు కొన్న తెలుగువాళ్ళు కూడా ఈ వీడియో చూస్తుంటారు. మీ ట్యాంకుకు జంట పైపు ఉంటే ఇక్కడ చెప్పిన బల్బు పరీక్ష వర్తించదు. ఆ రకంలో ఇంజినే ట్యాంకులోకి గాలి కొట్టి పెట్రోలును తోసేది. అక్కడ మూత నుంచి గాలి పోకూడదు. సరిగ్గా తలకిందులు.

దృశ్యం: ఏప్రిల్. ఒడ్డున ఆగిన పడవలు. కార్బురేటర్ అడుగు స్క్రూ వదులు చేసి, పెట్రోలును సీసాలోకి దించుతున్న చెయ్యి.

వ్యాఖ్యానం:
వచ్చే నిషేధానికి ముందు ఇది చేయండి. ఇంజిను నుంచి పైపు ఊడదీయండి. కార్బురేటర్ గిన్నె అడుగున ఉన్న స్క్రూ వదిలి, ఉన్నదంతా సీసాలోకి దించండి. ట్యాంకు ఖాళీ చేసి ఆరబెట్టండి. చివరగా ఉప్పుగాలి లోపలికి పోకుండా మూత మీది స్క్రూ బిగించండి. జూన్‌లో దాన్ని తెరవడం మరిచిపోతే ఈ వీడియోను మళ్ళీ మొదటి నుంచి చూడాల్సి వస్తుంది.