నిఠారీ కేసు మీద తెలుగు ఆడియో సిరీస్: నాలుగో ఎపిసోడ్ వినండి, మిగతావి మీ ఇష్టం

నమస్తే అండి. వైజాగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఛానెల్‌లో మామూలుగా ఇయర్‌ఫోన్లు, స్పీకర్లు రివ్యూ చేస్తుంటాం కదా, ఈసారి వాటిలో వినే సరుకు సంగతి. ఒక ఆడియో యాప్ వాళ్ళు నిఠారీ కేసు మీద తెలుగులో సిరీస్ చేసి, నాకు ఏడాది సబ్‌స్క్రిప్షన్ ఉచితంగా ఇచ్చారు. డబ్బులు ఇవ్వలేదు. వీడియో పెట్టే ముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను, సరేనన్నారు. అక్కడి వరకు మర్యాదస్తులే. రేటెంత, ఎపిసోడ్లెన్ని, ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ ఉందా లేదా, ఇవన్నీ మీరు యాప్‌లోనే చూసి ఉంటారు. నేను చదవను.

కేసు తెలియని కుర్రాళ్ళ కోసం రెండు ముక్కలు. నోయిడా సెక్టార్ 31లో డి-5 అని ఒక బంగ్లా. 2006 డిసెంబరు 29న ఆ ఇంటి వెనక మురిక్కాలవలో పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. పక్కనే నిఠారీ ఊరు. అంతకుముందు చాలాకాలంగా ఆ ఊరి పేదల పిల్లలు ఒక్కొక్కరే కనిపించకుండా పోతున్నారు. ఇంటి యజమాని మొనీందర్ సింగ్ పంధేర్, ఇంట్లో పనిచేసే సురేంద్ర కోలీ, ఇద్దరినీ పట్టుకున్నారు. 2007 జనవరిలో కేసు సీబీఐ చేతికి వెళ్ళింది. 2009లో ఒక కేసులో కోలీకి ఉరిశిక్ష వేశారు, 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది, 2015లో అలహాబాద్ హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2023 అక్టోబరులో అదే హైకోర్టు కోలీని 12 కేసుల్లో, పంధేర్‌ని 2 కేసుల్లో నిర్దోషులన్నది. 2025 నవంబరు 11న సుప్రీంకోర్టు కోలీ మీద మిగిలిన ఆ ఒక్క కేసూ కొట్టేసింది. దాదాపు 19 ఏళ్ళ తర్వాత కోలీ బయటికి వచ్చాడు. చంపింది ఎవరు? కోర్టు నిలబెట్టిన జవాబు ఇప్పటికీ లేదు. ఆ హత్యల్లో శిక్ష నిలిచినవాడు ఈ రోజు ఒక్కడూ లేడు.

మొదటి ఎపిసోడ్ బాగుంది. తల్లిదండ్రులు స్టేషన్‌కి వెళ్తే, మీ అమ్మాయి ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది, తనే వస్తుందిలే అని తిప్పి పంపడం, అక్కడ మ్యూజిక్ ఏమీ పెట్టలేదు, ఉత్త గొంతే. కడుపులో దేవింది నాకు. ఇక్కడ నాదొక గోడు. మా ఇంటి ముందు బండి పోయినప్పుడు ఒక స్టేషన్‌కి వెళ్ళాను, పేరెందుకు లెండి. రైటర్ తెల్లకాగితం మీద రాయించుకుని, సొరుగులో పడేసి, చూస్తాంలే అమ్మా అన్నాడు. ఎఫ్ఐఆర్ నంబరు అడిగితే నా వైపు వింతగా చూశాడు. నాది బండి కాబట్టి ఇన్సూరెన్సు వాళ్ళతో గొడవ పడి ఊరుకున్నాను. అక్కడ పోయింది పిల్లలు.

నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జిల ధర్మాసనం 2013లో లలితా కుమారి కేసులో చెప్పింది. అదీ ఉత్తరప్రదేశ్‌లో ఒక పాప కనిపించకుండా పోతే వచ్చిన కేసే. పిల్లలు తప్పిపోతే ముందు కిడ్నాప్‌గానో అక్రమ రవాణాగానో అనుకునే కేసు కట్టాలని అదే ఏడాది ఇంకో తీర్పు. ఇవి వినేవాళ్ళకి పనికొచ్చే సంగతులు. సిరీస్‌లో వీటికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

సరే, నాలుగో ఎపిసోడ్. ఈ వీడియో చేసిందే దీని కోసం.

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట కోర్టులో చెల్లదు, ఇది అందరికీ తెలుసు. దానికొక మినహాయింపు ఉంది, పాత సాక్ష్యాల చట్టంలో సెక్షన్ 27. నిందితుడు చెప్పిన మాట వల్లే ఏదైనా వస్తువు బయటపడితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. ఆ 'వల్లే' మీదే మొత్తం కేసు నిలబడాలి. మరి నిఠారీలో ఏం జరిగింది? కోలీ చూపించాడన్న చోట ఎముకలున్నాయని పోలీసులకీ ఊరివాళ్ళకీ అప్పటికే తెలుసు. అతను రాకముందే తవ్వకం మొదలైంది. చోటుకి కాపలా లేదు. అతను ఏమన్నాడో అప్పటికప్పుడు రాసిన కాగితం లేదు. రిమాండ్ కాగితాల్లో ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంది.

మా బాబాయి ఇక్కడ జిల్లా కోర్టులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. ఈ ఎపిసోడ్ ఆయనకి స్పీకర్‌లో పెట్టి వినిపించాను. మధ్యలోనే నవ్వేశాడు. "మధ్యవర్తులు, అంటే వస్తువు దొరికినప్పుడు చూసి సంతకం పెట్టే సాక్షులు, ఎవరమ్మా? సంతకాలెక్కడ పెట్టారు, చోటు దగ్గరా, స్టేషన్‌లోనా? మనవైపు వీఆర్వోని పిలిచి సంతకం పెట్టిస్తారు. బోనులోకి వచ్చాక, సార్, కాగితం స్టేషన్‌లోనే రాశారు అంటాడు. కేసు అక్కడే పోయింది" అన్నాడు. బాబాయి ఇవి రోజూ చూస్తాడు. ఆయనకి నిఠారీలో వింత ఏమీ కనిపించలేదు, అదే నాకు భయం వేసింది.

ఇంకా ఉంది. కోలీని సుమారు 60 రోజులు పోలీసు కస్టడీలో ఉంచాక మేజిస్ట్రేట్ ముందు ఒప్పుకోలు రికార్డు చేశారు. లాయరు సాయం సరిగా లేదు, సమయానికి వైద్య పరీక్ష లేదు. నాకు ముందే నేర్పించారు, కొట్టారు అనే ధోరణి ఆ ఒప్పుకోలులోనే కనిపిస్తుంది. ఇంట్లోనే అంతమందిని చంపి ముక్కలు చేశారంటున్నారు, నిపుణులు గాలిస్తే దానికి సరిపడే రక్తపు మరకలు ఆ ఇంట్లో దొరకలేదు. అవయవాల వ్యాపారం కోణం చూడమని కేంద్ర ప్రభుత్వ కమిటీ చెప్పినా అటువైపు సరిగ్గా చూడలేదని హైకోర్టు గట్టిగానే చీవాట్లు పెట్టింది. పేద పనివాణ్ణి రాక్షసుణ్ణి చేసి చూపించడం సులువైన దారి, అదే పట్టుకున్నారని కూడా అన్నది.

ఇదే ఒప్పుకోలు, ఇదే రికవరీ, అంటే అతను చూపిస్తే దొరికాయనడం. 2011లో ఉరికి సరిపోయాయి, మిగతా 12 కేసుల్లో చెల్లలేదు. ఈ తేడా మీదే క్యూరేటివ్ పిటిషన్, అంటే తుది తీర్పు తర్వాత సుప్రీంకోర్టులోనే వేసే ఆఖరి అర్జీ, నెగ్గింది. దీన్ని తెలుగులో ఇంత విడమర్చి చెప్పినవాళ్ళని నేను ఇదివరకు వినలేదు. రాసినవాళ్ళెవరో గానీ నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మరి అయిదో ఎపిసోడ్‌కి వచ్చేసరికి ఏమైందండీ వీళ్ళకి? మళ్ళీ గుండె చప్పుడు మ్యూజిక్, తలుపు కిర్రు, ఆడపిల్ల కేక. వాయిస్ ఇచ్చినాయన "ఆ రాక్షసుడు చీకట్లో కాచుకున్నాడు" అని గొంతు బొంగురు చేసి చెబుతాడు. ఏ రాక్షసుడు బాబూ? మీ నాలుగో ఎపిసోడే కదా, అతనే చేశాడనడానికి రుజువు లేదని చెప్పింది! చివరి ఎపిసోడ్‌లో నిర్దోషి తీర్పు హడావుడిగా చదివేసి, వెంటనే మళ్ళీ "రాక్షసుడు". ఎన్ఏడీ ఫ్లైఓవర్ కింద హారన్ల మధ్య వింటుంటే కూడా ఆ మాట చెవిలో గుచ్చుకుంది. ఆడియో క్వాలిటీ అంత బాగుందన్నమాట, ఏం లాభం.

ఇదివరకు ఇంగ్లీషులో యార్క్‌షైర్ రిప్పర్ అని పేరుపడ్డ ఇంగ్లండ్ హంతకుడి మీద ఒక సిరీస్ విన్నాను, ఉదయం బండ్లు ఆపేసే టైములో బీచ్ రోడ్డు మీద నడుస్తూ. 1975 నుంచి 80 వరకు పీటర్ సట్‌క్లిఫ్ 13 మంది ఆడవాళ్ళని చంపాడు. పోలీసులు అతన్ని తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. ఎందుకు? సమాచారమంతా కార్డుల మీద రాసి పెట్టెల్లో పెట్టారు, ఒక కార్డుకి ఇంకో కార్డు తగల్లేదు. ఇంతలో 1979లో నేనే హంతకుణ్ణి అని ఎవడో టేపు పంపాడు. ఆ టేపులో వినిపించిన యాస లేనివాళ్ళని అనుమానితుల జాబితాలోంచి తీసేశారు. ఆ టేపు తర్వాత ఇంకో ముగ్గురు చనిపోయారు. ఆ దొంగ టేపు పంపిన జాన్ హంబుల్‌కి 2006లో ఎనిమిదేళ్ళ జైలు పడింది. చివరికి సట్‌క్లిఫ్ దొరికింది దొంగ నంబరు ప్లేటు వల్ల, 1981 జనవరి 2న, షెఫీల్డ్‌లో. మూత్రానికని పక్కకి వెళ్ళి సుత్తి, కత్తి దాచేశాడు. పట్టుకున్న సార్జెంటుకి అనుమానం వచ్చి మర్నాడు మళ్ళీ అదే చోటికి వెళ్ళి వెతికితే దొరికాయి.

ఆ సిరీస్‌లో సట్‌క్లిఫ్‌ని తెలివైనవాడిగా ఎక్కడా ఎత్తలేదు. ఎపిసోడ్లకి ఎపిసోడ్లు కార్డు పెట్టెల గురించే, ఒక్క కేక లేదు, అయినా నేను ఇంటి దాకా వచ్చి గేటు దగ్గర నిలబడి మరీ పూర్తి చేశాను. ఫైళ్ళ కథకి టెన్షన్ ఉండదని ఈ యాప్ వాళ్ళకి ఎవరు చెప్పారో.

ఇంకొకటి. పోలీసు దర్యాప్తుకి 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో సోదా, స్వాధీనం వీడియో తీయాలని ఉంది. ఏడేళ్ళు, అంతకుమించి శిక్షపడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని కూడా. నిఠారీలో లేనిదల్లా అదే కదా! ఒక ఎపిసోడ్ దీని మీద చేసి, మన జిల్లాల్లో ఎంత వరకు వచ్చిందో కనుక్కుని చెప్పి ఉంటే నేను రేటింగ్ రెండు పెంచేవాణ్ణి... సారీ, పెంచేదాన్ని. నాకు కూడా వాయిస్ ఆర్టిస్టు గాలి సోకినట్టుంది.

రేటింగ్ అంటారా. మొదటి ఎపిసోడ్, నాలుగో ఎపిసోడ్ కలిపి పదికి తొమ్మిది. సిరీస్ మొత్తానికి నాలుగు. అవును, నాలుగే. నిర్దోషి అని తీర్పు వచ్చాక కూడా మనిషిని రాక్షసుడని పిలిచే సిరీస్‌కి అంతకన్నా నా చెయ్యి రాదు. ఏడాది అయ్యాక నా డబ్బుతో రెన్యూ చెయ్యను. ఫ్రీ ట్రయల్ తీసుకునేవాళ్ళు తిన్నగా నాలుగోదానికి వెళ్ళండి, అక్కడ చెప్పేదానికి ముందువి అక్కర్లేదు. ట్రయల్ అయ్యేలోపు ఆటో-పే ఆపెయ్యడం మర్చిపోకండి, ఆ బటన్ అకౌంట్‌లో కాదు, సెట్టింగ్స్ అడుగున దాచారు. వచ్చే వారం మళ్ళీ మామూలు ఇయర్‌ఫోన్లే.