కోదాడ బిల్లు, జగ్గయ్యపేట బిల్లు: ఇంటి కరెంటు ఎక్కడ చవకో లెక్క వేద్దాం

నమస్కారం. కోదాడ, జగ్గయ్యపేట ఒకే హైవే మీద ఉన్న పక్కపక్క ఊళ్లు. మధ్యలో రాష్ట్రం మారుతుంది కాబట్టి కరెంటు కంపెనీ కూడా మారుతుంది. తెలంగాణలోని కోదాడది టీజీఎస్పీడీసీఎల్, ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేటది ఏపీసీపీడీసీఎల్. ఇల్లు అటు మారుద్దామా ఇటు మారుద్దామా అనుకునేవాళ్లు ముందు అడిగేది, "అక్కడ యూనిట్ ఎంత?" అని. ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. ఎందుకో చూద్దాం. మీ పాత బిల్లులు పన్నెండు, ఒక కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ముందుగా బిల్లు మీద పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ చూడండి. మధ్యలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి, యూనిట్లను ఆ రోజులతో భాగించి 30తో గుణించండి. 31 రోజులకు 206 యూనిట్లు వస్తే, 30 రోజుల లెక్కలో అవి 199 చిల్లర. ఈ చిన్న తేడాకే స్లాబు, అంటే వాడకాన్ని బట్టి రేటు మారే మెట్టు, మారిపోతుంది, కాబట్టి ఈ పని వదిలేయొద్దు. ఇంటికి తాళం ఉండి సగటు బిల్లు వేసిన నెలను విడిగా లెక్కించకండి. తర్వాత అసలు రీడింగ్ తీసిన నెలతో కలిపి చూడండి.

తర్వాత ఎనర్జీ చార్జీలను, అంటే వాడిన యూనిట్లకు పడే డబ్బును మాత్రం విడిగా రాసుకోండి. బకాయి, ఆలస్య రుసుము, ఏసీడీ తీసేయండి. ఏసీడీ అంటే డిపాజిట్, కరెంటు ధర కాదు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే.

ఇప్పుడు రేట్లు. ఇవి 2022 ఏప్రిల్ నుంచి వస్తున్న స్లాబులు. మీరు లెక్క వేసే ఏడాది టారిఫ్ ఆర్డర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి 30 యూనిట్లు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. ఎంత వాడినా మొదటి 30 యూనిట్లకు రూ.1.90 రేటే పడుతుంది. మెట్లు ఎక్కినట్టు ఉంటుంది, కింది మెట్టు చెక్కు చెదరదు.

తెలంగాణలో అలా కాదు. అక్కడ మూడు గ్రూపులు. నెలకు 100 లోపు వాడితే మొదటి 50 యూనిట్లు రూ.1.95, తర్వాతి 50 రూ.3.10. 100 దాటి 200 లోపు ఉంటే మొదటి వందా రూ.3.40, రెండో వంద రూ.4.80. 200 దాటిందంటే మొదటి 200 యూనిట్లూ రూ.5.10 చొప్పున, 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9. గీత దాటగానే కింద వాడిన యూనిట్ల రేటు కూడా మారిపోతుంది.

అంకెల్లో చూడండి. కోదాడలో 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ.820. 201కి రూ.1,027.70. ఒక్క యూనిట్‌కి రూ.207.70 పెరిగింది! జగ్గయ్యపేటలో 200కి రూ.867, 201కి రూ.873. అంటే 200 దగ్గర కోదాడ చవక, 201 దగ్గర జగ్గయ్యపేట చవక. 100 దగ్గర కూడా ఇదే కథ: కోదాడలో రూ.252.50, అటు రూ.304.50. 101కి వచ్చేసరికి కోదాడలో రూ.344.80, అటు రూ.309. మళ్లీ 161 యూనిట్ల దగ్గర రెండూ దాదాపు సమానమవుతాయి.

అందుకే ఏడాది సగటు తీసి పోల్చవద్దు. ఒక ఇంట్లో ఎనిమిది నెలలు 150 యూనిట్ల చొప్పున, ఎండాకాలం నాలుగు నెలలు ఏసీ వల్ల 250 చొప్పున కాలిందనుకుందాం. సగటు నెలకు 183 చిల్లర. ఆ సగటుతో వేస్తే కోదాడలో ఏడాదికి రూ.8,880, జగ్గయ్యపేటలో రూ.9,204. కోదాడే చవక అనిపిస్తుంది. నెల నెలా విడిగా వేయండి. కోదాడలో 150కి రూ.580, 250కి రూ.1,405. మొత్తం రూ.10,260. జగ్గయ్యపేటలో రూ.567, రూ.1,235.75. మొత్తం రూ.9,479. ఫలితం తిరగబడింది, ఇప్పుడు అటువైపే రూ.781 తక్కువ.

ఆగండి, ఇంకా అయిపోలేదు. ఆంధ్రప్రదేశ్ బిల్లులో ఎఫ్‌పీపీసీఏ అని ఒక వరుస ఉంటుంది. కరెంటు కొనుగోలు ఖర్చు పెరిగితే వేసే సర్దుబాటు అది. యూనిట్‌కి 40 పైసలు ఏడాదంతా పడితే, మన ఇంటి 2,200 యూనిట్లకు రూ.880. ఇందాక మిగిలిన రూ.781 దీంట్లోనే కొట్టుకుపోయింది. ఇంకో సంగతి, ఈ మొత్తం ఈ నెల యూనిట్ల మీద కాక, రెండు నెలల కిందటి యూనిట్ల మీద పడుతుంది. కాబట్టి ఏ నెల యూనిట్లకు వేశారో చూసి, ఆ నెల ఖాతాలోనే రాయండి. అద్దె ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఫిక్స్‌డ్ చార్జీ రెండు వైపులా మామూలు ఇళ్లకు కిలోవాట్‌కి రూ.10, విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసలు. పోలికలో ఇవి తేడా తేవు. కస్టమర్ చార్జీ మాత్రం ఒకేలా ఉండదు, వాడకాన్ని బట్టి పెరుగుతుంది. రెండు వైపుల బిల్లుల నుంచి చూసి కలుపుకోండి.

చివరగా గృహజ్యోతి, తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం. కోదాడలో తెల్ల రేషన్ కార్డు ఉండి పథకంలో పేరు ఉన్నవాళ్లకు, 2024 మార్చి బిల్లుల నుంచి 200 యూనిట్ల వరకు జీరో బిల్లు. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లూ కట్టాలి. వీళ్లకు 201వ యూనిట్ ఖరీదు రూ.1,027.70, పైన మిగతా చార్జీలు అదనం. ఇలాంటి ఇంట్లో రీడింగ్ తీసిన రోజు మీటర్ అంకెను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇరవయ్యో రోజున మళ్లీ మీటర్ చూడండి. తేడా 130 దాటి ఉంటే, మిగిలిన పది రోజులు గీజర్, ఏసీ తగ్గించాల్సిందే.